గ్రౌండ్ గేటు దగ్గర టికెట్ పెడతారా?

2024 అక్టోబర్‌లో చెన్నై కార్పొరేషన్ కౌన్సిల్‌లో ఫుట్‌బాల్ గ్రౌండ్లకి ఫీజు పెట్టే తీర్మానం గబగబా పాస్ చేసేశారు, ఊరంతా తిట్టిపోసేసరికి మేయర్ గారు ముందుకొచ్చి ఫ్రీనే అన్నారు. సరే, సంతోషం. కానీ కార్పొరేషన్ 9 ఫుట్‌బాల్ టర్ఫ్‌లని, అంటే కృత్రిమ గడ్డి పరిచిన గ్రౌండ్లని, ప్రైవేటు చేతికిచ్చి మనిషికి గంటకి 120 రూపాయలు వసూలు చెయ్యాలనుకున్న సంగతి దీపావళి టపాసుల మోతలో మర్చిపోవడానికి మేం సిద్ధంగా లేం.

120 అంటే ఎంతో కౌన్సిల్‌లో దానికి చేతులెత్తిన వాళ్ళకి తెలుసా? ఒక పిల్లాడు రోజుకి గంట చొప్పున నెలకి 25 రోజులు ఆడితే 3000. ఈ ఊళ్ళో కార్పొరేషన్ రోడ్లు ఊడ్చేవాళ్ళలో మన తెలుగువాళ్ళు ఎంతమందో అందరికీ తెలిసిందే, తాతల కాలంలో నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి వచ్చి ఇక్కడే కాలనీల్లో ఉండిపోయిన కుటుంబాలు. తెల్లారకముందే తల్లి ఇదే కార్పొరేషన్ చీపురు పట్టుకుని వెళ్తుంది, సాయంత్రం అదే కార్పొరేషన్ ఆమె కొడుకుని గేటు దగ్గర ఆపి డబ్బులడగాలా?

నార్త్ మద్రాసులో, వ్యాసర్పాడి వైపు, సాయంత్రం అయిదింటికి వెళ్ళి చూడండి. ఒక జత బూట్లు ఇద్దరు పంచుకుంటారు, కుడికాలిది ఒకడు, ఎడమకాలిది ఇంకొకడు, రెండో కాలు ఉత్తిదే. సగం అరవం సగం తెలుగు కలిపి అరుచుకుంటూ చీకటిపడి బాల్ కనపడనంతవరకూ ఆడతారు. వీళ్ళకి క్లబ్బు లేదు, మాల్‌లో గేమ్ జోన్ లేదు, ఉన్నది ఆ గ్రౌండ్ ఒక్కటే.

టర్ఫ్ మెయింటెనెన్స్‌కి ఖర్చవుతుందంటారు, నిజమే అవుతుంది, అందుకే కదా ఇంటిపన్ను కట్టించుకునేది.

మా భయం 120 గురించి మాత్రమే కాదు. ఒక్కసారి జనం స్థలానికి గేటు పెట్టి టికెట్ కొట్టడం మొదలైతే అది అక్కడితో ఆగదు. ఇవాళ టర్ఫ్, రేపు షటిల్ కోర్టు, ఎల్లుండి పార్కులో జిమ్ము, ఆ తర్వాత ముసలివాళ్ళు పొద్దున్నే నడిచే దారి. ప్రతిసారీ ఇదివరకు ఫలానా చోట పెట్టాం కదా అనే మాటే చాలు, ఇంకో కారణం అక్కర్లేదు. అందుకే ఈ మొదటిదాన్నే వేళ్ళతో సహా పీకెయ్యాలి.

2024 సెప్టెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం గిండీలో రేస్ క్లబ్ దగ్గరున్న 160 ఎకరాలకి సీలు వేసింది, అది సర్కారు భూమి, జనానికి పనికిరావాలి అంది. మంచి పనే అన్నాం. మరి డబ్బున్నవాళ్ళ గుర్రాల మైదానం దగ్గర గుర్తొచ్చిన జనాన్ని, రెండు నెలలు తిరక్కుండానే పేదపిల్లల ఫుట్‌బాల్ గ్రౌండ్ దగ్గర ఎలా మర్చిపోయారు?

ఫ్రీ అని మైకు ముందు చెప్తే సరిపోదు. మైకు ముందు మాట ఎలక్షన్ దాకానే నిలుస్తుంది, కౌన్సిల్ మినిట్స్ పుస్తకంలో రాసిన మాట ఉండిపోతుంది. టర్ఫ్‌లకే కాదు, పిల్లల కోసం కార్పొరేషన్ కట్టిన ఏ గ్రౌండ్‌కీ, ఏ పార్కుకీ ఫీజు ఉండదని కౌన్సిల్‌లో తీర్మానం పెట్టండి. పిల్లల దగ్గర 120 గుంజడానికి సిగ్గులేకుండా లేచిన చేతులు దీనికి కూడా లేవాలి, ఎవరి చెయ్యి లేవలేదో మేం పేరుపేరునా రాస్తాం.