పందెం పడవ దొరసానికి ఒక అర్జీ

అమ్మా దొరసానీ,

హన్మకొండ నుంచి దండాలు. మాకు సముద్రం లేదు. ఉన్నయన్ని కాకతీయుల చెరువులే. లక్నవరంల లైఫ్ జాకెట్ తొడుక్కొని బోటెక్కి, నాలుగు ఫొటోలు దిగి ఇంటికొచ్చెటోళ్లం. అయినా తెరచాప పడవల మీద భూగోళం చుట్టే పందెం, ఓషన్ రేస్ వీడియోలు చూసి చూసి నీ సంసారం సంగతి మొత్తం తెలుసుకున్న. 1973 నుంచి నడుస్తున్న పందెమట గదా!

నీ పొడుగు 60 అడుగులు, ఒంటినిండ కార్బన్ ఫైబర్, ధర కోట్ల లెక్క. నీ గడిల చాకిరి చేసెటోళ్లకు మాత్రం తలొక మంచం సుత దిక్కులేదు. డ్యూటీకి ఒకరు లేస్తేనే అదే గుడ్డ మంచంల ఇంకొకరు ఒరగాలె. అదీ కాళ్లు ముందరికి పెట్టి. నువ్వు అలకు గుద్దుకొని ఠక్కున ఆగితే తల పగలద్దని! ఇగ దొడ్డికి బకెటే. మా ఊర్లల్ల స్వచ్ఛ భారత్ కింద 12 వేలిచ్చి మరుగుదొడ్లు కట్టించిన్రు. ఆ స్కీము నీ దాక రాలేదా తల్లీ?

ఎందుకింత పీనాసితనం అంటే బరువంటవు. టూత్‌బ్రష్ పుల్లను సుత సగానికి కోసుకుంటరట. తిండేమో ఎండిన పొడి ప్యాకెట్, వేడినీళ్లు పోసి కలుపుకునుడే. మేం మేడారం పోతే ట్రాలీల పొయ్యి, బోళ్లు, బియ్యం మూట, మేక, రెండు కోళ్లు, ముసలవ్వ, అవ్వ పండెటందుకు మంచం, అన్ని ఎక్కినంకనే డ్రైవర్ ఎక్కుతడు. అక్కడ తూకమేసేది ఒక్కటే, అమ్మలకు మొక్కిన బెల్లం. అదైనా మనిషెంత బరువుంటే అంత.

పోనీ, ఉన్న నాలుగు సంచులన్న కుదురుగ ఉండనిస్తవా? గాలికి తగ్గట్టు నువ్వు దిక్కు తిరిగి పక్క మార్చినప్పుడల్ల తెరచాపల మూటలు, తిండి సంచులు, పనిముట్లు, అన్ని గాలి కొట్టే దిక్కుకు మోయాలె. నడిజాములైనా సరే. మోసి నడుం వాల్చంగనే మళ్ల పక్క మారుస్తవు. మా తాతలు గడిల చేసిన వెట్టికి గింజ రాలలే. నీ వెట్టికైతే స్పాన్సర్లు ఎగబడుతరు!

ఇంకో విచిత్రం. ఇంత తిప్పలపడి సముద్రం మీదికి పోయినోళ్లకు సముద్రం సక్కగ కనపడది. పైన మొత్తం కప్పేసినవు. చుక్కాని ఎక్కువసేపు ఆటోపైలటే పడుతది. నిన్ను నీళ్ల మీదికి లేపే రెక్కలు, ఫాయిల్స్ పెట్టే కూతకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని, లోపల కంప్యూటర్ల గాలి మ్యాపులు చూసుకుంట కూసుంటరు. 2023ల కేప్ టౌన్ నుంచి బ్రెజిల్ ఇటజాయి దాక 12,750 నాటికల్ మైళ్లు అట్లనే పోయిన్రు. నలుగురు నడిపెటోళ్లు, ఒకరు వీడియో తీసెటాయన. ఆయన తాడు ముట్టద్దని రూలు. పెండ్లిల వీడియోగ్రాఫర్ సుత అక్షింతలేస్తడు కదమ్మా!

మన నేవీ తెరచాప పడవ తారిణి 2017ల గోవా నుంచి బయలెల్లింది. అండ్ల ఆరుగురు ఆడోళ్లే, మన తెలుగోళ్లు ఇద్దరు: హైదరాబాద్ ఐశ్వర్య, విశాఖ స్వాతి. ఎవరో తరిమినట్టు ఉరకలే. కేప్ టౌన్‌తోటి సహా రేవు రేవుకు ఆగుకుంట, భూగోళం చుట్టొచ్చి 2018 మేల గోవాల దిగిన్రు. ఏం తక్కువైందని?

నిన్ను ఆగమంటే ఆగవు, నాకెరుకే. అడిగేది ఒక్కటే. రేపు మా ఓరుగల్లు పిల్ల ఎవరన్న నీ మీద ఎక్కితే, ఒక మామిడికాయ తొక్కు డబ్బ తెచ్చుకోనియ్యి. గాజుసీస వద్దు, పగులుతది, ప్లాస్టిక్‌దే కట్టిస్తం. బరువు పెరిగిందంటవా, ఆ వీడియో తీసెటాయనను దించు.

ఇట్లు,
ఈత రాని నీ అభిమాని