ఆ మైకు అణు కరెంటుకి కూడా కావాలి

కరెంటు చార్జీల మీద రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ (ఏపీఈఆర్సీ) బహిరంగ విచారణ తిరుపతిలో జరిగినప్పుడు వెళ్ళి కూర్చున్నవాళ్ళకి ఆ సీను గుర్తుండే ఉంటుంది. ఒక పక్క కరెంటు పంచే కంపెనీ, అంటే డిస్కం ఆఫీసర్లు ఫైళ్ళు పెట్టుకుని, మధ్యలో కమిషన్ చైర్మనూ మెంబర్లూ, ఎదురుగా భుజం మీద తువ్వాలు వేసుకున్న రైతు. పేరు పిలవగానే ఆయన లేచి మైకు పట్టుకుంటాడు, బోరు వెయ్యి అడుగులు దిగిందనీ, వోల్టేజీ లేక మోటర్ కాలిందనీ, ట్రాన్స్‌ఫార్మర్ మార్చేలోపు టమాటా తోట వాడిపోయిందనీ మొదలుపెట్టి యూనిట్ రేటు దాకా వస్తాడు, టైమ్ అయిపోయిందని చెప్పినా ఆపడు, ఎవరూ కూర్చోమని గట్టిగా అనలేరు కూడా. ఎందుకంటే ఆయన మాట వినాలని చట్టంలో రాసుంది. తర్వాత రేట్లు ఖరారు చేసే టారిఫ్ ఆర్డర్ తెరిచి చూస్తే ఫలానా ఆయన ఇట్లా అడిగాడు, డిస్కం ఇట్లా జవాబిచ్చింది, కమిషన్ ఇట్లా అనింది అని అచ్చేసి ఉంటుంది.

అదే ఆర్డర్‌లో ఇంకొన్ని పేజీలు తిప్పితే కరెంటు ఎక్కడెక్కడ కొంటున్నారో లిస్టు ఉంటుంది. అందులో కల్పాక్కం, కైగా అణు కేంద్రాల పేర్లు కనపడతాయి. అంటే మన ఫ్యాన్ తిప్పే కరెంటులో కొంచెం అణు కరెంటు ఎప్పటినుంచో కలిసే ఉంది. దాని రేటు ఎంతని మన రైతు ఆ మైకులో అడగొచ్చు. ఆ రియాక్టర్ భద్రంగా ఉందా, ఎవరు చెక్ చేశారు, ఏం దొరికింది అని అడగాలంటే మాత్రం ఆ మైకు పనిచేయదు, వేరే మైకు కూడా లేదు. మా ఈ సంపాదకీయం ఆ లేని మైకు గురించే.

ఉన్న మైకు కూడా ఒక్కరోజులో రాలేదు. 1910లో బ్రిటిషోళ్ళు తెచ్చిన ఎలక్ట్రిసిటీ యాక్ట్ చాలావరకు లైసెన్సు తీసుకున్న కంపెనీ స్తంభాలు ఎట్లా నాటాలి, రోడ్డు ఎట్లా తవ్వాలి అనే గొడవే. 1948లో సప్లై యాక్ట్ వచ్చి రాష్ట్రానికొక బోర్డు పెట్టమంది, అప్పటికి మన చిత్తూరు జిల్లా ఇంకా మద్రాసు కిందనే ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చాం, 1959లో మన రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏపీఎస్ఈబీ వచ్చింది. ఇప్పటికీ పెద్దవాళ్ళు కరెంటాఫీసుని బోర్డు అనే అంటా ఉంటారు. ఆ బోర్డే కరెంటు తయారు చేసేది, పంచేది, రేటు కట్టేది, పైన ముఖ్యమంత్రి ఏం చెప్తే అది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం హార్స్‌పవర్‌కి ఏడాదికి 50 రూపాయలు అనేసింది, రైతుకి మీటరూ లేదు బోర్డుకి లెక్కా లేదు, పల్లెల్లో బోర్లు మాత్రం పెరిగాయి. 1998లో సంస్కరణల చట్టం, 1999లో బోర్డు విడిపోయి కరెంటు తయారీకి జెన్‌కో, పెద్ద లైన్లకి ట్రాన్స్‌కో, 2000లో డిస్కంలు, అట్లా తిరుపతి హెడ్డాఫీసుగా మన డిస్కం ఎస్పీడీసీఎల్ పుట్టింది. అదే ఏడాది చార్జీలు పెంచితే జనం రోడ్డెక్కారు, ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు చనిపోయారు. రేటు పెంచితే ప్రభుత్వాలే పోతాయని అందరికీ అర్థమైంది అప్పుడే. 2003 ఎలక్ట్రిసిటీ యాక్ట్ వచ్చేసరికి సెక్షన్ 64లో స్పష్టంగా పెట్టారు, డిస్కం ప్రతిపాదన పేపర్లో వేయాలి, జనం అభ్యంతరాలు తీసుకోవాలి, వాటిని చూసి 120 రోజుల్లో ఆర్డర్ ఇవ్వాలి అని.

ఈఆర్సీ ఏదో గొప్పగా పనిచేస్తా ఉందని మేము అనడం లేదు. ట్రూ అప్ (పాత ఖర్చుల తేడా వసూలు) అనీ సర్దుబాటు అనీ బిల్లులో నాలుగు లైన్లు ఎక్కువ వచ్చినప్పుడల్లా మాకొచ్చే ఫోన్లు మాకు తెలుసు. కానీ అడిగిన ప్రశ్న రికార్డులో ఉంటుంది, జవాబు ఇవ్వాల్సినవాడు ఎదురుగా కూర్చుని ఉంటాడు. అది చిన్న విషయం కాదు.

ఇప్పుడు అణు చట్టాల సంగతి చూడండి. అది కూడా 1948లోనే మొదలైంది, సప్లై యాక్ట్ వచ్చిన ఏడాదే. అణుశక్తి బిల్లుని సభలో పెట్టింది స్వయంగా నెహ్రూ. ఎస్వీ కృష్ణమూర్తి రావు అనే సభ్యుడు లేచి, ఇంగ్లండులో రహస్యం అనేది రక్షణ పనులకే గదా, మనం కరెంటు కోసం చేసే పరిశోధనకి కూడా ఎందుకు ఈ గోప్యత అని అడిగాడు. ఈ రెండిటినీ విడదీయడం ఎట్లాగో తనకి తెలియడం లేదని నెహ్రూ ఒప్పుకున్నాడు. నిజాయితీ గల జవాబే, కానీ ఆ జవాబు నీడ 70 ఏళ్ళు దాటినా పోలేదు. అదే ఏడాది ఆగస్టులో హోమీ భాభా చైర్మన్‌గా అణుశక్తి సంఘం వచ్చింది, 1954లో నేరుగా ప్రధాని కింద డీఏఈ అనే అణుశక్తి శాఖ వచ్చింది, 1962లో పాత చట్టం తీసేసి ఇంకా గట్టి చట్టం పెట్టారు. అందులో సెక్షన్ 18 అణు సమాచారం బయటికి పోకుండా ఆపే అధికారం కేంద్రానికి ఇచ్చింది. తారాపూర్ 1969లో మొదలైంది, కల్పాక్కం 1984లో. చెన్నై దాటి ఇంకో 70 కిలోమీటర్లు పోతే కల్పాక్కం, మన వాళ్ళు మహాబలిపురం చూడ్డానికి పోతా పక్కనే పోయి వస్తా ఉంటారు.

మరి వీటిని చెక్ చేసేదెవరు? 1983 నవంబర్ 15న ఏఈఆర్బీ అనే నియంత్రణ బోర్డు పెట్టారు. పార్లమెంటు చట్టం చేసి కాదు, ఒక నోటిఫికేషన్ ఇచ్చి. ఆ బోర్డు రిపోర్టు చేసేది అణుశక్తి సంఘానికి, ఆ సంఘం చైర్మనే డీఏఈ సెక్రటరీ, రియాక్టర్లు నడిపే ప్రభుత్వ కంపెనీ ఎన్పీసీఐఎల్ ఆ డీఏఈ కిందే. పరీక్ష రాసే పిల్లోడి నాయనే హెడ్మాస్టరూ, పేపర్లు దిద్దే అయ్యవారు ఆయన కింద ఉద్యోగీ అయితే ఎట్లా ఉంటుంది, అట్లా. అయ్యవారు ఎంత మంచివాడైనా ఊర్లో ఎవరూ ఆ మార్కులు నమ్మరు.

1993 మార్చి 31న యూపీలోని నరోరా అణు కేంద్రంలో టర్బైన్ దగ్గర మంటలు లేచి స్టేషన్ మొత్తానికి కరెంటు లేకుండా పోయింది. తర్వాతి ఏడాది మేలో కైగాలో కడతా ఉన్న డోమ్ లోపలి భాగం ఊడి పడింది. ఆ రోజుల్లో ఏఈఆర్బీ చైర్మన్‌గా ఉన్న ఎ.గోపాలకృష్ణన్ దిగిపోయాక బహిరంగంగానే చెప్పాడు, బోర్డుకి స్వతంత్రం లేదని. ఆ తర్వాత ఏం జరిగిందయ్యా అంటే 2000లో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) సంస్థల్ని ఒక ఆర్డర్‌తో ఏఈఆర్బీ పరిధి నుంచే తప్పించేశారు. నోటిఫికేషన్‌తో పుట్టింది కాబట్టి ఆర్డర్‌తో కత్తిరించొచ్చు, అంతే.

రియాక్టర్లంటే ఎక్కడో దూరం అనుకునేవాళ్ళకి ఒక మాట. ఏఈఆర్బీ మన వీధిలోనే ఉంది, లేక ఉండాలి. ప్రతి ఎక్స్‌రే మెషీనుకి, సీటీ స్కానుకి, కేన్సర్‌కి రేడియేషన్ ఇచ్చే మెషీనుకి లైసెన్సు ఇచ్చేది వాళ్ళే. తిరుపతికి వైద్యం కోసం రాయలసీమ మొత్తం నుంచి, అటు తమిళనాడు నుంచి కూడా వస్తారు, కాబట్టి మనకి ఇది చిన్న లెక్క కాదు. 2012లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ రిపోర్టు వచ్చింది, దేశంలో 57,443 మెడికల్ ఎక్స్‌రే యూనిట్లు ఉంటే అందులో 5,270 మాత్రమే బోర్డు దగ్గర రిజిస్టరయ్యాయని, అంటే నూటికి 91 లెక్కలోనే లేవని. రాష్ట్రానికొక రేడియేషన్ సేఫ్టీ డైరెక్టరేట్ పెట్టమంటే అప్పటికి పెట్టింది కేరళ, మిజోరం రెండే. రూల్స్ మీరితే అప్పట్లో గరిష్ట జరిమానా ఎంతో తెలుసా? 500 రూపాయలు! తిరుపతి నుంచి చిత్తూరు పోయే ఆర్టీసీ బస్సులో టికెట్ లేకుండా దొరికితే వేసేదీ అంతే, బస్సులోనే రాసుంటుంది. ఆ తర్వాత ఆన్‌లైన్ లైసెన్సులు వచ్చి పరిస్థితి మారింది, కాదనం. అయినా ఈసారి ఎక్స్‌రేకి పోయినప్పుడు రూము బయట ఎర్ర లైటు వెలుగుతా ఉందా, టెక్నీషియన్ చొక్కాకి చిన్న బ్యాడ్జీ ఉందా, పిల్లోడిని పట్టుకోమని లోపలికి పిలిస్తే లెడ్ ఏప్రాన్ ఇచ్చారా అని ఒకసారి చూసుకోండి. ఆ బ్యాడ్జీ షోకు కోసం కాదు, అతనికి ఎంత రేడియేషన్ తగిలిందో లెక్క అందులోనే తెలిసేది.

మిగతా దేశాలు ఈ పాఠం ఎప్పుడో నేర్చుకున్నాయి, కొన్ని దెబ్బ తిన్నాక. అమెరికాలో ప్రోత్సహించేదీ నియంత్రించేదీ ఒకే సంస్థగా ఉంటే 1974లో చట్టం చేసి దాన్ని రెండుగా విడగొట్టారు. జపాన్‌లో నియంత్రణ సంస్థ పరిశ్రమల శాఖ కిందే ఉండేది, 2011 మార్చిలో ఫుకుషిమా అయ్యాక గానీ కళ్ళు తెరవలేదు, 2012లో కొత్తది పెట్టుకున్నారు. మన దగ్గర కూడా ఫుకుషిమా భయంతోనే 2011 సెప్టెంబర్‌లో అణుభద్రతా ప్రాధికార సంస్థ బిల్లు లోక్‌సభలో పెట్టారు. 2014లో సభ గడువు అయిపోయింది, బిల్లూ అయిపోయింది.

దానికి ముందు 2010లో వచ్చిన పరిహారం చట్టం ఇంకో కథ. ఆ ఏడాది జూన్‌లోనే భోపాల్ కేసు తీర్పు, అన్ని వేలమంది పోతే రెండేళ్ళ జైలు. దేశమంతా మండిపోతా ఉన్నప్పుడు ఈ బిల్లు వచ్చింది కాబట్టి ప్రతిపక్షాలు పట్టుబట్టి సెక్షన్ 17లో ఒక ముక్క పెట్టించాయి. ప్లాంటు నడిపేవాడి బాధ్యత 1,500 కోట్ల దాకా, అయితే సరఫరా చేసిన సామాను నాసిరకమైతే ఆ డబ్బు అమ్మినవాడి దగ్గర రాబట్టుకోవచ్చు అని. మామిడి మొక్కలు నాసివైతే నర్సరీవాడిని నిలదీయడం మన రైతుకి తెలుసు, ఇది అంతకంటే ఎక్కువేం కాదు. కానీ విదేశీ కంపెనీలకి ఇదే మింగుడు పడలేదు, శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు అని ఏళ్ళ తరబడి చెప్తా ఉన్నది కదలకపోవడానికి ఇదొక కారణం. (మామిడి అన్నాం కాబట్టి ఇంకో మాట, అమెరికాతో అణు ఒప్పందం మాటలు నడిచిన రోజుల్లోనే మన మామిడికి అక్కడ తలుపు తెరుచుకుంది, 2007లో. అది కూడా పండుకి రేడియేషన్ కొట్టి పంపాలనే షరతు మీదే.)

ఇప్పుడు 2025 డిసెంబర్‌లో పార్లమెంటు ఇదంతా ఒక్క దెబ్బకి తిరగరాసింది. 1962 చట్టమూ రద్దు, 2010 చట్టమూ రద్దు, రెండిటి స్థానంలో ఒకటే. ఇంగ్లీషు పేరులో మొదటి అక్షరాలు కలిపితే శాంతి అని వచ్చేటట్టు పెట్టారు. ప్రైవేటు కంపెనీలు ప్లాంట్లు పెట్టొచ్చు, 2047కి 100 గిగావాట్లు లక్ష్యం, పాత సెక్షన్ 17లో సరఫరాదారు మీద పెట్టిన ముక్క పోయింది. ఇంత పెద్ద చట్టం ఒకే వారంలో రెండు సభలూ దాటేసింది, మన మునిసిపాలిటీలో డ్రైనేజీ టెండరు దీనికంటే ఎక్కువ రోజులు నానుతుంది. ఒక మంచి మాత్రం ఉంది, ఏఈఆర్బీకి 42 ఏళ్ళకి చట్టబద్ధత వచ్చింది, దాన్ని మేము మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాం. నడిపేది ప్రభుత్వమే అయినప్పుడు చెక్ చేసేవాడు మెతకగా ఉంటే ఒక రకం, రేపు లాభం చూసుకునే కంపెనీలు వస్తే అదే మెతకదనం ఇంకో రకం.

కానీ చట్టంలో పేరు ఎక్కినంత మాత్రాన బోర్డు జనం ముందుకి వచ్చినట్టు కాదు. ప్లాంటుకైనా గనికైనా పర్యావరణ అనుమతి కోసం ఒకసారి ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు కదా అంటారు. పెడతారు, మొదలుపెట్టే ముందు ఒక్కసారి. అది కూడా అణు ఖనిజాల గనులకి అక్కర్లేదని 2025 సెప్టెంబర్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఒక మెమోతో తేల్చేసింది. ఇది మన పక్క జిల్లా గొడవ. కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో 2012 నుంచి యురేనియం తీస్తా ఉన్నారు, టెయిలింగ్ పాండ్ (యురేనియం తీశాక మిగిలే వ్యర్థాల చెరువు) చుట్టుపక్కల ఊర్లవాళ్ళు బోరు నీళ్ళు పాడయ్యాయని, అరటి తోటలు పోయాయని ఎన్ని ఏళ్ళుగా చెప్తా ఉన్నారు. వాళ్ళు చెప్పేదంతా నిజమో కాదో తేల్చేది మేము కాదు. తేల్చాల్సినవాళ్ళు వాళ్ళ ఎదురుగా కూర్చుని, నీళ్ళ టెస్టు కాగితాలు బల్ల మీద పెట్టి, అడిగినదానికి జవాబు చెప్పిన రోజు ఒక్కటైనా ఏటా ఉండాలి గదా. కరెంటు రేటు రూపాయి పెంచడానికి ఉండే పద్ధతి, తాగే నీళ్ళకి ఉండకూడదా?

అసలు సంగతంతా ఇక ఆ చట్టం కింద రాసే రూల్స్‌లో ఉంటుంది. ఏఈఆర్బీ తన తనిఖీ రిపోర్టులు బయట పెట్టాలని, ప్లాంటు గానీ గని గానీ ఉన్న ప్రతి చోటా ఏడాదికొకసారి ఈఆర్సీ మాదిరి బహిరంగ విచారణ జరపాలని, ప్రశ్నా జవాబూ రెండూ ఆర్డర్‌లో అచ్చు వేయాలని వాటిలో రాయడానికి ఏ రహస్యమూ అడ్డం రాదు, బాంబు గురించి ఎవరూ అడగడం లేదు. మన ఎంపీలు పార్టీ ఏదైనా ఈ ఒక్క ముక్క కోసం లేచి మాట్లాడొచ్చు, ఈసారి సభలో అరగంట చాలు. రూల్స్ ముసాయిదా ఇంగ్లీషులో గెజిట్‌లో వేసి గడువు అయిపోయిందనడం కాకుండా తెలుగు కాపీ కొవ్వాడకీ వేములకీ పంపాలి. మొదటి విచారణ వేములలోనే పెట్టాలి. మైకు దొరకలేదంటే చెప్పండి, తిరుపతి నుంచి మేమే పంపిస్తాం.