డూమ్స్‌డే గడియారం వారికి, టోకెన్ నంబర్ 64 వ్రాయునది (2025)

మహారాజశ్రీ డూమ్స్‌డే గడియారం వారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేం క్షేమం. అక్కడ మీరు అర్ధరాత్రికి 89 సెకన్ల దూరంలో క్షేమంగా ఉన్నట్టు బ్యాంకు టీవీలో చూసి తెలుసుకున్నాను. లోకం అంతానికి ఎంత దగ్గరపడిందో చెప్పడానికి అణు శాస్త్రవేత్తలు పెట్టిన బొమ్మ గడియారం మీరు, మీ అర్ధరాత్రి అంటే ఆ అంతమేనట.

ఆ టీవీ కిందే ఈ మధ్యాహ్నం మూడు గంటలు కూర్చున్నాను. ఇంటి లోన్ కాగితాల మీద సంతకాల కోసం రమ్మన్నారు. నా టోకెన్ 64, బోర్డు మీద నడుస్తున్నది 41. టీవీకి సౌండ్ తీసేశారు గానీ కింద అక్షరాలు మాత్రం పరుగెడుతున్నాయి. అణుయుద్ధం, వాతావరణం, ఏఐ అన్నీ కలిసి మన మీద పడబోతున్నాయట. మీ ముల్లు మునుపెన్నడూ లేనంత దగ్గరికి వచ్చేసిందట. నా ఒళ్లో ఫైల్లోనేమో 240 వాయిదాల పట్టిక. ఇరవై ఏళ్లు. ఆఖరి వాయిదాని కూడా చిల్లరతో సహా ఇప్పుడే లెక్కగట్టి పెట్టారు.

అయ్యా, మీరూ బ్యాంకు వాళ్లూ ఒకసారి కూర్చుని మాట్లాడుకోకూడదా? మీరేమో తెల్లారేలోగా అంతా అయిపోతుందంటారు. వాళ్లేమో ఇరవై ఏళ్ల తర్వాత ఫలానా నెల అయిదో తారీఖున నేను డబ్బు కట్టి తీరతానంటారు. భయపడాల్సిందీ నేనే, కట్టాల్సిందీ నేనే.

టీవీలో పెద్ద అక్షరాలతో 89 అని పడగానే పక్కనున్న పెద్దాయన ఉలిక్కిపడి లేచారు. "ఏం బాబూ, అప్పుడే 89 పిలిచేశారా? నాది 71, నన్ను పిలవనే లేదే!" అది టోకెన్ కాదండీ, ప్రపంచం అంతమవడానికి మిగిలిన టైం అని చెప్పాను. "హమ్మయ్య" అని కూర్చున్నారు.

నాకు మాత్రం మింగుడుపడనిది ఆ అంకే. 2023లో 90 దగ్గర పెట్టారు. 2024లో అక్కడే ఉంచారు. 2025 జనవరిలో మేధావులంతా కూర్చుని, చర్చించి, 89 చేశారు. ఒక్క సెకను! ఏ త్రాసులో తూచారండీ దాన్ని? 90కి పడాల్సిన టెన్షనంతా నేను అప్పటికే పడి ఉన్నాను. ఆ పోయిన ఒక్క సెకనుకి అదనంగా ఎంత పడాలో ఎవరూ చెప్పలేదు. పిల్లవాడి ఫీజు కట్టాలా, ఆపాలా? పళ్ల డాక్టరు ఆరు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నాడు, అపాయింట్‌మెంట్ ఉంచాలా, తీసేయాలా? చావు కబురు చల్లగా చెప్పడం విన్నాను గానీ, ఇలా సెకన్ల లెక్కన విడతలుగా చెప్పడం మీ దగ్గరే చూశాను.

పోనీ మొదటి లెక్కైనా గట్టిదా అంటే, అదీ లేదు. 1947లో చికాగో అణు శాస్త్రవేత్తల పత్రికకి ముఖచిత్రంగా పుట్టారు మీరు. గీసినావిడ మార్టిల్ లాంగ్స్‌డార్ఫ్ అనే చిత్రకారిణి. ఆవిడ భర్త బాంబు ప్రాజెక్టులో పనిచేసిన శాస్త్రవేత్తే. (ఆ ఇంట్లో రాత్రిళ్లు ఏం మాట్లాడుకునేవారో!) ముల్లు ఏడు నిమిషాల దగ్గర ఎందుకు పెట్టారంటే, కంటికి బాగుందని పెట్టానని ఆవిడే చెప్పింది. ఆవిడ మీద నాకు కోపం లేదు, ఉన్నమాట చెప్పింది. కంటికి బాగుందని పెట్టిన ముల్లుకి ఈ సెకన్ల లెక్క ఎక్కడి నుంచి వచ్చిందన్నదే నా ప్రశ్న.

తమరు లేవాల్సినప్పుడు లేచారా అంటే అదీ చూశాం. 1962లో క్యూబాలో సోవియట్లు పెట్టిన అణు క్షిపణుల మీద అమెరికాతో వచ్చిన గొడవలో పదమూడు రోజులు లోకమంతా ఊపిరి బిగపట్టింది. మీరు మాత్రం ఏడు నిమిషాల దగ్గర నిక్షేపంగా ఉన్నారు. 1983 సెప్టెంబరు 26 రాత్రి సోవియట్ సైన్యంలో స్టానిస్లావ్ పెట్రోవ్ అనే అధికారి డ్యూటీలో ఉన్నాడు. అమెరికా నుంచి అయిదు క్షిపణులు వస్తున్నాయని ఆయన ముందున్న కంప్యూటర్ గగ్గోలు పెట్టింది. యుద్ధం చేయదలిచినవాడు అయిదింటితోనే మొదలుపెడతాడా అనుకుని, ఇది తప్పుడు అలారం అని పైవాళ్లకి చెప్పాడాయన. మబ్బుల మీద ఎండ మెరిస్తే ఉపగ్రహం పొరబడిందని తర్వాత తేలింది. ఆ రాత్రి మీ ముల్లు 4 నిమిషాల దగ్గర ఉంది, ఉలకలేదు, పలకలేదు. ఇక 2020 జనవరిలో 100 సెకన్లన్నారు. ఆ తర్వాత కరోనా వచ్చి ప్రపంచం మొత్తం తలుపులేసుకుని కూర్చుంటే, 2021లోనూ 100 సెకన్లే అన్నారు.

మీ దారిలోనే వచ్చే జోస్యాల వాళ్లూ ఉన్నారు. 2012 డిసెంబరు 21న యుగాంతం అన్నవాళ్లు 22న ఏం చేశారో ఎవరూ అడగలేదు. ఏఐ వల్ల నా ఉద్యోగం రెండేళ్లలో పోతుందని ఒకాయన, అయిదేళ్లలో అని ఇంకొకాయన. లోన్ ఫారంలో మాత్రం 'ఉద్యోగం: శాశ్వతం' అని ఒక గడి ఉంది. టిక్ పెట్టాను, ఏం చేయను?

మర్యాదగా మొదలుపెట్టాను గానీ ఇక నావల్ల కాదు. ఎవరికి చూపిస్తున్నారయ్యా ఈ టైం? తొమ్మిది దేశాల దగ్గర పన్నెండు వేలకు పైగా అణుబాంబులున్నాయి. వాటి మీట నొక్కేవాడెవడూ టోకెన్ పట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోడు. వాళ్ల గోడకి తగిలించుకోండి! నాకు చూపిస్తే నేనేం చేయగలను? లైట్లు ఆర్పమన్నారు, ఆర్పుతున్నాను. గుడ్డ సంచీ పట్టుకెళ్లమన్నారు, పట్టుకెళ్తున్నాను. ఇంకా రాత్రి రెండింటికి మెలకువొచ్చి పిల్లవాడి మొహం చూస్తూ కూర్చోవాలా? అదీ చేస్తూనే ఉన్నాను, మీరు చెప్పకపోయినా.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. 1991లో అమెరికా, సోవియట్లు అణ్వాయుధాలు తగ్గించుకుంటామని సంతకాలు చేసినప్పుడు మీరు ఏకంగా 17 నిమిషాలకి వెనక్కి వెళ్లారట. మీ బొమ్మలో గీసింది ఆఖరి పదిహేను నిమిషాలే. ముల్లు పెట్టడానికి చోటు లేకపోయినా వెళ్లారు. అది చదివినప్పుడు, ఎందుకో, మీ మీద కాస్త ప్రేమ కలిగింది. మళ్లీ అలా గీత దాటితే చెప్పండి, టీవీలో అక్కర్లేదు, ఒక కార్డు ముక్క రాసినా చాలు.

64 పిలిచేసరికి కౌంటర్లు మూసే వేళైంది. సంతకాలన్నీ పెట్టాక, పాత కాగితాల్లో సంతకంతో కలవడం లేదు, సోమవారం రమ్మన్నారు. కాబట్టి మనవి ఏమనగా, సోమవారం దాకా ఆ ముల్లుని కాస్త పట్టుకోండి. పొద్దున్నే వెళ్లాలి, పాత టోకెన్ చెల్లదట.

ఇట్లు,
మాజీ టోకెన్ నంబర్ 64