గర్డర్లకు నంబర్లు వేయలేమా?

పోయిన వారం వరంగల్‌లో ఎనుమాముల దగ్గర మూతపడిన ఒక జిన్నింగ్ మిల్లు షెడ్డును విప్పుతుంటే, నిజానికి గ్యాస్ కట్టర్‌తో తెగ్గోస్తుంటే, అరగంట నిలబడి చూశాను. ఎర్ర రంగు పెచ్చులూడిన చోట ‘టిస్కో’ (టాటా స్టీల్ పాత పేరు) అన్న ఉబ్బెత్తు అక్షరాలు కనబడుతున్న ఆరు మీటర్ల ఐ బీమును (ఇంగ్లిషు ‘I’ ఆకారపు ఉక్కు దూలాన్ని), లారీలో సులువుగా పడుతుందని, మూడు ముక్కలు చేశారు. 300 మిల్లీమీటర్ల ఎత్తున్న అలాంటి బీము మీటరుకు దాదాపు 45 కిలోలు తూగుతుంది. అప్పటిదాకా దూలంగా పనికొచ్చిన 270 కిలోల ఉక్కు అలా తుక్కు లెక్కలోకి పోయింది.

తుక్కు కరిగితే మళ్లీ ఉక్కే కదా అంటారు. నిజమే, ఖనిజం నుంచి తీయడం కన్నా అది మేలే; కానీ కరిగించడానికి 1,500 డిగ్రీలు దాటిన వేడి కావాలి, మన కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. బీమును బీముగానే వాడుకుంటే ఆ కొలిమితోనే పని ఉండదు.

పాత ఉక్కుకు పూచీ ఎవరన్న ప్రశ్న న్యాయమైనదే. చిన్న ముక్క కోసి, ఎంత బలానికి సాగి తెగుతుందో చూసే లాగుడు పరీక్ష చేయించాలి, తుప్పు తిన్నచోట మందం కొలవాలి, వెల్డింగ్ చేసేటట్లయితే రసాయన పరీక్ష కూడా కావాలి. అగ్నిప్రమాదం చూసినవాటిని, ఏళ్ల తరబడి క్రేన్ మోసిన గర్డర్లను పక్కన పెట్టాలి, బోల్టులు మాత్రం కొత్తవే వేయాలి. బ్రిటన్‌లో 2019లోనే దీనికి మార్గదర్శకాలు వచ్చాయి. మన 2016 నాటి నిర్మాణ వ్యర్థాల నిబంధనలు ఉక్కును వేరు చేయమన్నాయి, అయితే వేరు చేసినది కొలిమికే పోతోంది.

వేయి స్తంభాల గుడి కల్యాణ మండపం రాళ్లను విప్పి, నంబర్లు వేసి, మళ్లీ పేర్చి 2024 మార్చిలో తెరిచిన ఊరు మనది. (ఎన్నేళ్లు పట్టిందో అడగకండి.) పాత రైలు పట్టాలను దూలాలుగా వేసి బండలు పరిచిన మిద్దెలు కూడా మనకు కొత్త కాదు.

బోల్టులు విప్పొచ్చు కదా అని కట్టర్ పట్టిన అతన్ని అడిగాను. “విప్పితే రెండు రోజులు పడ్తది సార్, కోస్తే పూటల అయిపోతది. ఆ కూలి ఎవరిస్తరు?” అన్నాడు. తుక్కు ధరకూ బీము ధరకూ ఉన్న తేడాలోంచి ఆ కూలి రావాలి. అది రావాలంటే కూల్చివేత అనుమతి ఇచ్చే ముందే ఏ కొలత బీములు ఎన్ని ఉన్నాయో జాబితా అడగాలి, కొనేవాడు దొరికేదాకా వాటిని దాచేందుకు నగర శివారులో ఒక యార్డు ఉండాలి.