28 అనే గీత అన్ని భాషలకూ సరిపోదు
శబ్దాన్ని భరించలేని స్థితిని కొలిచే ప్రశ్నావళిని ఏ భాషలోకి అనువదించినా 28 మార్కులు దాటితే సమస్య తీవ్రమని తేల్చేయొచ్చని ఒక వ్యాసంలో రాశారు. ఒప్పుకోలేను. 2002లో పరిశోధకురాలు ఖల్ఫా బృందం ఫ్రెంచ్‌లో తయారుచేసిన ప్రశ్నావళి అది. 14 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 42. ఆ 28 అప్పుడు జవాబులిచ్చినవాళ్ల నుంచి వచ్చిన గీత. మొదటి ప్రశ్నే చూడండి: చప్పుడు తగ్గించుకోడానికి ఇయర్‌ప్లగ్స్ వాడతారా? మన దగ్గర ఎక్కువమంది అరచేతులతో చెవులు మూసుకుంటారు, లేదా దూది పెట్టుకుంటారు. నిజంగా బాధపడే మనిషి కూడా అక్కడ సున్నా వేస్తాడు. ఇంకో ప్రశ్నలో నైట్‌క్లబ్, పబ్ ఉన్నాయి. వాటి స్థానంలో పెళ్లి బ్యాండు, డీజే, గుడి మైకు పెట్టకపోతే జవాబుకు అర్థం ఉండదు. మాటతోనూ చిక్కే. ఇంగ్లీషు ప్రతిలోని 'నాయిస్'లో చిరాకు ముందే ఉంది, మన 'శబ్దం'లో లేదు; 'రొద' అంటే మార్కులు పెరగొచ్చు, 'చప్పుడు' అంటే తగ్గొచ్చు. అందుకే ఇద్దరు విడివిడిగా అనువదించాలి, మూలం చూడని మూడోవాళ్లు దాన్ని తిరిగి మూలభాషలోకి అనువదించాలి, ఆపైన కొద్దిమందిని కూర్చోబెట్టి ఒక్కో ప్రశ్న ఎలా అర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పించుకోవాలి. చాలాచోట్ల ఎగ్గొట్టేది ఈ చివరి మెట్టునే. వినికిడిని కొలిచే యంత్రం, ఆడియోమీటర్, పెట్టినా భాష వదలదు. శబ్దాన్ని 5 డెసిబెల్స్ చొప్పున పెంచుతూ 'ఇబ్బందిగా అనిపించగానే చెప్పండి' అంటే ఒక అంకె, 'ఇక భరించలేనప్పుడు చెప్పండి' అంటే అంతకంటే పెద్ద అంకె వస్తాయి. చెప్పిన వాక్యాన్ని రిపోర్టులో యథాతథంగా రాయని కొలతను ఇంకో ఊరి కొలతతో పోల్చకూడదు.