సవరణ: 1966లో రూపాయి విలువ తగ్గింది 57 శాతం కాదు

మొన్న ఆదివారం పెట్టిన పోస్టులో, 1966 జూన్ 6న రూపాయి విలువ 57 శాతం తగ్గించారని రాశాను. తప్పు రాశాను. తగ్గింది 36.5 శాతం. 57 శాతం పెరిగింది డాలర్ ధర, 4.76 రూపాయల నుంచి 7.50కి. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదువుతున్న మా మేనల్లుడు పొద్దున్నే ఫోన్ చేసి “మామయ్యా, వంద రూపాయలు పెట్టి లెక్కేసి చూడు” అన్నాడు. వేశాను. అంతకుముందు వందకి 21 డాలర్లు వచ్చేవి, ఆ తర్వాత 13.33 మాత్రమే. ప్రభుత్వ రికార్డుల్లోనూ 36.5 అనే ఉంది, ముందే చూసుకోవాల్సింది.

ఇంకొకటి. ఆ పోస్టు చదివి, విలువ తగ్గించినా ఎగుమతులు పుంజుకోలేదు కాబట్టి ఆ విధానమే పనికిరాదన్నట్టు చాలామందికి అర్థమైంది. నా ఉద్దేశం అది కాదు. అదే సమయంలో ఎగుమతి రాయితీలు చాలావరకు తీసేశారు, కొన్ని ఎగుమతులపై సుంకాలు వేశారు, అందుకే డాలర్‌కి ఎక్కువ రూపాయలు వస్తున్నా ఎగుమతిదారుడి చేతికి అందిన లాభం ఆ 57 శాతం కంటే బాగా తక్కువ, పైగా వరుసగా రెండేళ్లు కరువు.

పాత పోస్టులో అంకె మార్చాను. పరీక్షల కోసం నోట్స్‌లో రాసుకున్నవాళ్లు ఈరోజే దిద్దుకోండి.