చెవి దగ్గరే ఆగిపోతున్న సాయం

వినికిడి లోపం ఉన్న పిల్లలకు సాయం అనగానే ప్రభుత్వాలకైనా దాతలకైనా ముందు గుర్తొచ్చేది హియరింగ్ ఎయిడ్. శిబిరం పెట్టి యంత్రాలు పంచడం, ఫొటో దిగడం, ఎన్ని ఇచ్చామో లెక్క రాసుకోవడం సులువు. మర్నాడు బడికెళ్లిన పిల్లకు పాఠం అందిందా లేదా అన్నది ఏ లెక్కలోకీ రాదు. యంత్రాలు వద్దని మేం అనడం లేదు. మొదలు కావాల్సిన చోటే సాయం ముగిసిపోతోందన్నది మా అభ్యంతరం.

కళ్లజోడు పెట్టుకోగానే చూపు కుదురుకున్నట్టు, యంత్రం పెట్టుకోగానే అన్నీ వినబడతాయని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. యంత్రం టీచర్ గొంతుతోపాటు ఫ్యాను చప్పుడునూ, బెంచీలు జరిపిన రొదనూ పెంచుతుంది. ఆరుబయట దూరం రెట్టింపైతే గొంతు దాదాపు 6 డెసిబెళ్లు తగ్గుతుంది. గదిలో తగ్గుదల కాస్త తక్కువే అయినా, వెనక బెంచీకి చేరేసరికి మాట చుట్టూ ఉన్న రొదలో కలిసిపోతుంది. అందుకే టీచర్ మెడలో చిన్న మైకు వేసి, మాటను నేరుగా పిల్ల చెవిలోని యంత్రానికి పంపే ఎఫ్ఎం పరికరాలు వచ్చాయి. ఎన్ని క్లాసుల్లో ఉన్నాయన్నదే ప్రశ్న. లోపలి చెవిలో పరికరం అమర్చి వినికిడి నాడికి సంకేతాలు పంపే కాక్లియర్ ఇంప్లాంట్‌కైనా ఆపరేషన్‌తో పని అయిపోదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి శిక్షణ సాగితే తప్ప మెదడు ఆ శబ్దాలను మాటలుగా పోల్చుకోలేదు.

పెదవులు చూసి అర్థం చేసుకుంటారులే అన్న భరోసా మరొకటి. అద్దం ముందు నిలబడి గొంతు పైకి రాకుండా పాట, బాట, మాట అని చూడండి. మూడింటికీ పెదవులు ఒకేలా కదులుతాయి. టీచర్ బోర్డు వైపు తిరిగి పాఠం చెబితే ఆ కాస్త ఆధారమూ పోతుంది.

అసలు చిక్కు మాత్రం బడి కంటే ముందే మొదలవుతోంది. పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, 3 నెలల్లోపు నిర్ధారణ, 6 నెలల్లోపు సాయం మొదలు కావాలని నిపుణులు ఎప్పుడో చెప్పారు. నిద్రపోతున్న పసికందుకు నిమిషాల్లో చేయగలిగే పరీక్ష అది. బధిర పిల్లల్లో 90 శాతానికి పైగా వినగలిగే తల్లిదండ్రులకే పుడతారు. ఇంట్లో వాళ్ల మాట బిడ్డకు వినబడదు, బిడ్డకు అందే సైగల భాష ఇంట్లో ఎవరికీ రాదు. 'కొందరికి మాటలు ఆలస్యంగా వస్తాయిలే' అని పెద్దలు ధైర్యం చెబుతారు. ఏ భాషా అందకుండానే మూడు నాలుగేళ్లు గడిచిపోతాయి. అలాంటి బిడ్డ ఒకటో తరగతికొస్తే అక్షరాల కన్నా ముందు భాష నేర్పాలి. మన బడులు మాత్రం మొద్దు అని ముద్ర వేసి వెనక బెంచీకి పంపుతాయి.

సైగలు నేర్పితే మాటలు రావన్న భయానికి చాలా పాత చరిత్ర ఉంది. 18వ శతాబ్దంలోనే పారిస్‌లో అబ్బే ద లెపే అనే మతగురువు బధిర పిల్లలకు సైగలతో బడి నడిపారు. 1880లో మిలన్‌లో జరిగిన విద్యావేత్తల సదస్సు మాత్రం బధిరులకు మాటతోనే చదువు చెప్పాలని తీర్మానించింది. ఓటేసినవాళ్లు దాదాపు అందరూ వినగలిగినవాళ్లే! దాంతో చాలాచోట్ల బధిర టీచర్ల ఉద్యోగాలు పోయాయి, సైగ చేసిన పిల్లలకు శిక్షలు పడ్డాయి. ఆ తీర్మానాలను అదే పరంపరలోని సదస్సు తోసిపుచ్చి విచారం తెలిపింది 2010లో, వాంకూవర్‌లో. అంటే 130 ఏళ్లు. 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక కూడా సైగల భాష నేర్చుకునే వీలు కల్పించాలని 24వ అధికరణలో చెప్పింది. అయినా తల్లిదండ్రులను ఇప్పటికీ 'సైగలా, మాటలా, ఏదో ఒకటి తేల్చుకోండి' అంటున్నవాళ్లున్నారు. తేల్చుకోవాల్సిన అవసరమే లేదు. ఏది ముందు అందితే దానితో మొదలుపెట్టాలి, రెండూ అందించగలిగితే మరీ మంచిది.

పెద్ద క్లాసులకు వెళ్లేకొద్దీ సాయం పెరగాల్సింది పోయి సన్నగిల్లుతోంది. పాఠాన్ని సైగల్లో చెప్పే ఇంటర్‌ప్రెటర్ చేతులు చూస్తున్న విద్యార్థి అదే సమయంలో నోట్స్ రాసుకోలేడు. కాబట్టి నోట్స్ ముందే చేతికివ్వాలి, వీడియో పాఠాలకు క్యాప్షన్లు ఉండాలి. వీటికి పెద్ద ఖర్చేమీ లేదు, గుర్తుపెట్టుకుని చేసేవాళ్లు కావాలి. ఇంటర్‌ప్రెటర్ విషయం అలా కాదు. జీతం ఇవ్వాలి, వెతికి పెట్టుకోవాలి. కాలేజీ ఆ సంగతి అడ్మిషన్ ఇచ్చిన రోజే తేల్చాలి, సెమిస్టర్ సగమయ్యాక కాదు.

ఎదిగే పిల్లల చెవి పెరుగుతుంది, చెవి కొలతకు చేసి యంత్రానికి తగిలించే మోల్డు కొద్ది నెలలకే వదులై కీచుమంటుంది. కొత్తది చేయించలేక, బ్యాటరీలు కొనలేక పెట్టెలోకి చేరిన యంత్రాలకు కొదవ లేదు. కొనుగోలుకు డబ్బు కేటాయించేటప్పుడే మోల్డులకు, బ్యాటరీలకు, టీచర్ల శిక్షణకు, ఇంటర్‌ప్రెటర్ల జీతాలకు కూడా ఏటేటా కేటాయించాలి. పంచిన యంత్రాల్లో ఏడాది తర్వాత ఎన్ని ఇంకా పిల్లల చెవులకు ఉన్నాయో వచ్చే బడ్జెట్ లోపు లెక్క తీసి బయటపెట్టాలి.